నాలుగూ పది

ఇంకో గంటలో జడ్జి గారి బల్ల మీదికి వెళ్ళవలసిన నోటుపుస్తకంలో, ఇరవై మూడో పేజీ నుంచి ముప్పై మూడో పేజీ దాకా, పదకొండు రోజులూ అతను వచ్చిన సమయం ఒకటేనని డైరీ అక్క సరిగ్గా అప్పుడు చూసింది: నాలుగూ పది. సోమవారం నాలుగూ పది. మంగళవారం నాలుగూ పది. బుధ, గురు, శుక్రవారాలూ అదే నాలుగూ పది, అదే గుండ్రటి చేతిరాత, కాస్త వణికిన చేతిరాత. కోర్టు వరండాలో చెక్క బెంచీ మీద మనిషి కూర్చున్నది కూర్చున్నట్టే ఉంది గానీ గుండె మాత్రం బెంచీ కిందికి జారిపోయింది. ఏ మనిషీ పదకొండు రోజులు ఒకే నిమిషానికి రాడు. రైళ్ళే రావు. ఇంట్లో కాళ్ళు చాపుకుని కూర్చుని ఒక్క పూటలో కల్పించి రాస్తే ఇలా ఉంటుంది. వరండా అవతలి చివర ఎదుటి పక్షం లాయరు పొడుగాటి రిజిస్టరు ఒకటి చంకలో పెట్టుకుని ఇందాకటి నుంచి తనలో తను నవ్వుకుంటున్నాడు, ఈయనకేమైనా ఇంట్లో శుభవార్తా అనుకుంది పావుగంట క్రితం, ఇప్పుడర్థమైంది శుభవార్త ఎక్కడిదో. డైరీ నకలు వాళ్ళకి పోయిన వారమే అందింది. ఆ రిజిస్టరు హాజరు పట్టీ. ఆ లాయరు పక్కన మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని బుద్ధిమంతుడిలా కూర్చున్న ఆ మనిషి, డైరీ అంతటా ‘ఇస్త్రీ చొక్కా’ అని రాసి ఉన్న ఆ మనిషి, ఆఫీసులో సంతకం పెట్టి బయటపడేది ఐదింటికి. నాలుగూ పదికి అతను తన కుర్చీలో ఉన్నాడని చెప్పడానికి ఆఫీసు ఆఫీసంతా ఉంది. పదకొండు పేజీలు అబద్ధమైతే మిగతా అరవై పేజీలనీ ఎవరు నమ్ముతారు?

ఇరవై రెండేళ్ళు ప్రెస్సులో ప్రూఫులు దిద్దిన కళ్ళు ఇవి. దీర్ఘం ఎగిరిపోతే పట్టేవి, ఒత్తు జారితే పట్టేవి, టెలిఫోను పుస్తకంలో అంకె తారుమారైతే ఆ నంబరాయన తన అత్తవారింటికి చేసే ఫోను ఏ చేపలకొట్టుకో వెళ్తుందని నవ్వుకుంటూ పట్టేవి. అప్పుడు నేర్చుకున్న సంగతి ఒకటుంది: ఒక్కసారి వచ్చిన తప్పు కంట్లో నలుసులా గుచ్చుకుంటుంది, అదే తప్పు పేజీ పేజీకీ వస్తే ఒప్పులా సర్దుకుని కూర్చుంటుంది. ఇదీ అలాగే కూర్చుంది. పైగా తను సమయాలు చూడనే లేదు, ‘మళ్ళీ’ అన్న మాట కోసం వెతుకుతూ పోయింది, కనపడ్డ చోటల్లా పెన్సిలుతో సున్నా చుట్టింది. ఎనభై రెండు సున్నాలు. ప్రెస్సు మూతపడ్డాక లాండ్రీ మీది రెండు గదుల్లో, కింది నుంచి ఇస్త్రీ ఆవిరి వాసన వచ్చే ఆ సహాయ కేంద్రంలో చేరిన మొదటి వారమే ఆ మాట విలువ తెలిసింది. ఎవరో వెంటపడుతున్నాడని వచ్చిన వాళ్ళు ఏడుస్తూ కథ చెప్పేవారు. కథలో ‘భయంకరంగా’, ‘ఘోరంగా’, ‘నీచంగా’ అన్నీ ఉండేవి, తేదీ ఒక్కటి ఉండేది కాదు. ఆ కథ పట్టుకుని స్టేషనుకి వెళ్తే బల్ల వెనక ఆఫీసరు అడిగేవాడు: ముట్టుకున్నాడా? లేదండీ. తిట్టాడా? లేదండీ. మరి? ఊరికే నిలబడ్డాడండీ. రోడ్డు మీదా? రోడ్డు మీదేనండీ. అంతే, టోపీ సర్దుకుని టీ చెప్పించుకునేవాడు, తనకొక్కడికే. అప్పుడు ప్రూఫు బుద్ధి మేలుకుంది. నోటుపుస్తకం ఇచ్చి చెప్పడం మొదలుపెట్టింది: తేదీ రాయి, టైము రాయి, చోటు రాయి, ఏం చేశాడో రాయి, విశేషణాలు మాత్రం వద్దు. వాడు ఎలాంటివాడో మనం రాయక్కర్లేదు, ఎన్నిసార్లు వచ్చాడో రాస్తే చాలు. ఒక్కసారి నిలబడితే రోడ్డు అందరిదీ. వద్దన్నాక మళ్ళీ నిలబడితే, మళ్ళీ, మళ్ళీ నిలబడితే, నేరం ఆ నిలబడటంలో లేదు, ‘మళ్ళీ’లో ఉంది. అందరూ డైరీ అక్క అని పిలవడం అప్పటి నుంచే. ఇంట్లో ఆయన మాత్రం ఇంకో అడుగు ముందుకేసి, ‘ఏమోయ్ డైరీ, నిన్న కూరలో ఉప్పెక్కువైంది, తేదీ వేసి రాసుకో’ అంటాడు. వండేది ఆయనే.

విశేషణాల మీద ఈ కక్ష ఆయన దగ్గరే మొదలైంది, ఒప్పుకోవాలి. ప్రెస్సులో కాయితం సప్లై చేసే కుర్రాడిగా ఉన్న రోజుల్లో ఆయన నాలుగు పేజీల ఉత్తరం ఇచ్చాడు, వెన్నెలలూ కెరటాలూ అన్నీ అందులో పోసి. ఎర్ర సిరాతో దిద్ది తిరిగిచ్చింది. మిగిలినవి మూడు మాటలు: నువ్వంటే ఇష్టం, పెళ్ళి? దాని కింద తను రాసిన జవాబు: ఇప్పుడు కాదు. ఆయన ఆ కాయితం మడిచి జేబులో పెట్టుకుని సరేనండీ అని వెళ్ళిపోయాడు. తర్వాత కాయితం బండి వేరే మనిషి తేవడం మొదలుపెట్టాడు. ఒక వారం, ఒక నెల, ఆరు నెలలు. ప్రెస్సు వీధి మొదట్లో ఆయన సైకిలు ఎన్నడూ కనపడలేదు, ఆడవాళ్ళంతా ముక్కు మీద వేలేసుకుని, వదిలేశాడే, వట్టి పిరికివాడే అన్నారు. తనకి మాత్రం ఆ ఖాళీ వీధి మొదలు రోజురోజుకీ నచ్చింది. కాదంటే వినపడే చెవులున్న మనిషి ఎంతమందికి దొరుకుతాడు? ఏడో నెలలో తనే కాయితం గోదాముకి వెళ్ళి, ఏమండీ, ఆ ప్రూఫు ఇంకా ఉందా, దిద్దాలి అంది. జేబులోనే ఉంది. ఇప్పుడు కేంద్రానికి వచ్చే ప్రతివాళ్ళకీ ఏదో ఒక పిన్నిగారు చెప్పి పంపుతుంది, పాపం అంత వెంటపడుతున్నాడంటే ఎంత ప్రేమో అని. అలాంటి పిన్నిగార్లని ఒక బస్సులో ఎక్కించి ఆ ఖాళీ వీధి మొదలు చూపించాలని ఉంటుంది, చూడండమ్మా, ఇక్కడ ఎవరూ లేరు, అది ప్రేమంటే అని.

కుళాయి దగ్గర నీళ్ళు తాగి, ఆ డైరీ రాసిన గడియారాలమ్మాయి తిరిగొచ్చింది, తడిచేతులు దుపట్టాకి తుడుచుకుంటూ. గడియారాలు బాగుచేసే తాత దగ్గర పెరిగి, తాత కళ్ళు మసకబారాక ఆయన భూతద్దం తన కంటికి తగిలించుకుని దుకాణం నడిపిన పిల్ల. ఆ దుకాణానికే ఇస్త్రీ చొక్కా ఒకరోజు వాచీ తెచ్చాడు. బాగుచేసి ఇచ్చింది. రెండ్రోజులకి ఆగిపోయిందని మళ్ళీ తెచ్చాడు, విప్పి చూస్తే వాచీకేం రోగం లేదు, కీ పిన్ను బయటికి లాగి ఉంది. అలా ఐదుసార్లు. ఐదోసారి, ఇది ఆగలేదండీ, మీరు ఆపుతున్నారు, ఇక రావద్దు అంది. అప్పటి నుంచి లోపలికి రావడం మానేసి ఎదురుగా మందుల షాపు రెండో మెట్టు మీద నిలబడటం మొదలుపెట్టాడు. షట్టరు కింద నుంచి చీటీలు తోసేవాడు: ఈరోజు పచ్చరంగు బాగుంది. ఈరోజు ఎందుకు నవ్వలేదు. తాత కర్ర పట్టుకుని రోడ్డు దాటి వెళ్ళి, బాబూ, రాకయ్యా, పిల్ల భయపడుతోంది అంటే, మర్యాదగా చేతులు కట్టుకుని, నేనేం చేశానండీ పెద్దాయనా, రోడ్డు అందరిదీ కదా అన్నాడు. రెండు నెలలుగా దుకాణం మూసి ఉంది. పిన్ని వాళ్ళ వంటింటి బల్ల మీద, ఉల్లిపాయల బుట్ట పక్కన, ఈ పిల్ల చేతివాచీలు మాత్రం బాగుచేస్తోంది. తాత రోజూ అడుగుతాడు, గోడ గడియారాలకి కీ ఎవరిస్తున్నారే అని. ఎవరూ ఇవ్వట్లేదు. దుకాణం తాళంచెవి ఇప్పుడా పిల్ల గుప్పిట్లో ఉంది, అతను ఆ చుట్టుపక్కలకి రాకూడదని కోర్టు ఉత్తర్వు వస్తే ఇటు నుంచి ఇటే వెళ్ళి షట్టరు ఎత్తాలని పొద్దున బయల్దేరుతూ తెచ్చుకుంది. రాకపోతే అది మళ్ళీ పిన్ని ఇంటి మేకుకే. ఆ తాళంచెవికీ మేకుకీ మధ్య ఇప్పుడు అడ్డంగా పదకొండు పేజీలున్నాయి.

‘అమ్మాయ్, ఇలా కూర్చో. ఇది చూడు.’

ఆ పిల్ల పుస్తకం చూడలేదు. తల ఒకపక్కకి వాల్చి, చెవులు రిక్కించి, వరండా గోడ మీదికి చూస్తోంది. ‘అక్కా, ఈ గడియారం కుంటుతోంది, వింటున్నారా? టిక్, చాలాసేపు, టక్. పాపం, ఒక కాలు పొట్టి.’

‘దాని కాళ్ళు తర్వాత చూద్దాం. ముందు మన కొంప మునిగేట్టుంది. నాలుగూ పది, నాలుగూ పది, పదకొండు రోజులు. నిజంగా ఆ టైముకే వచ్చాడా?’

ఆ పిల్ల పేజీలు తిప్పింది. ఒకటి, రెండు, మూడు. ఐదో పేజీ దగ్గర పెదవి మీద పన్ను పడింది. డైరీ అక్క ఈ బెంచీ మీద ఇంతకుముందు ఇలాంటి క్షణాలు చూసింది, ఇప్పుడు కన్నీళ్ళొస్తాయి, ఇప్పుడు అబద్ధం రాశానక్కా అంటుంది, ఇప్పుడు నేను రానక్కా ఇంటికి పోతాను అంటుంది అనుకుంది. ఆ పిల్ల భుజాలు కదిలాయి. నవ్వుతోంది.

‘అయ్యో అక్కా. ఇది లైబ్రరీ వాళ్ళ పెద్ద గడియారం. స్ప్రింగు తెగిపోయి వచ్చింది. వీధి వైపు కిటికీ పక్కనే తగిలించాను. కొత్త స్ప్రింగు రావడానికి ఆదివారాలు పోను పదకొండు రోజులు పట్టింది.’

‘అంటే?’

‘అంటే ఏముందక్కా. తలెత్తితే కిటికీలో అతను, పక్కన గడియారం. రెండిట్నీ ఒక్క చూపులో చూసి, తల దించేసి, రాసేసేదాన్ని. రోగి చెప్పిన టైము రాసుకున్నాను. తాతకి తెలిస్తే చెవి మెలేస్తాడు.’

గడియారాలు బాగుచేసే పిల్ల ఆగిపోయిన గడియారం చూసి టైము రాసింది, పదకొండు రోజులు, సొంత చేత్తో, సొంత దుకాణంలో. ముందు ఆ పిల్ల నవ్వింది, తర్వాత డైరీ అక్కకి ఎక్కడి నుంచో తన్నుకొచ్చింది, పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుంది, పుస్తకం కూడా ఊగింది. కోర్టు బంట్రోతు గది తలుపు దగ్గర నుంచి, అమ్మా, లోపల వాదనలు నడుస్తున్నాయి, నవ్వితే బయటికి పంపాల్సొస్తుంది అన్నాడు. మేం బయటే ఉన్నాం కదయ్యా అంది డైరీ అక్క. అతను కాసేపు ఆలోచించి, నిజమే, అయితే మెల్లిగా నవ్వుకోండి అన్నాడు. దాంతో ఇంకో విడత. అవతలి చివర ఎదుటి లాయరు ఇటు చూసి నవ్వు ఆపేశాడు. ఇస్త్రీ చొక్కా మాత్రం ఇటు చూస్తూనే ఉన్నాడు, చూపు తిప్పకుండా, అదే చూపు, అది మొదటిసారి ఆ పిల్లని అంటుకోకుండా గోడకి పోయి తగిలింది.

నవ్వు అయిపోయాక ఆ పిల్ల చేతిలో తాళంచెవి అటూ ఇటూ తిప్పుతూ మెల్లిగా అంది: ‘ఒక్కటి మాత్రం నవ్వు రావట్లేదక్కా. గడియారం ఆగితే నిద్రలో కూడా మెలకువొచ్చేస్తుంది నాకు. తాత అనేవాడు, దీనికి చెవుల్లోనే కళ్ళున్నాయి అని. ఆ పదకొండు రోజులూ అది నా నెత్తి మీద ఆగిపోయి ఉంటే నాకు వినపడలేదు.’

 డైరీ అక్కకి ఒక మాట నాలుక చివరిదాకా వచ్చింది గానీ అది విశేషణం, మింగేసింది. చెల్లెలు గుర్తొచ్చింది. టైపు క్లాసుకి వెళ్ళే రోజుల్లో సైకిలు మీద వెంట వచ్చే ఒకడి కోసం చెల్లి ముందు దారి మార్చింది, తర్వాత టైము మార్చింది, తర్వాత జడ మార్చింది, ఆఖరికి క్లాసే మానేసింది. అన్నీ ఇదే మార్చుకుంది, వాడు సైకిలు బెల్లు కూడా మార్చలేదు. పద్దెనిమిదేళ్ళ పిల్ల సందులో ఎవరి సైకిలు బెల్లు మోగినా వంటింట్లోకి పోయి నిలబడేది. వాడేం చేశాడే, ఊరికే వచ్చాడు కదా అంది అమ్మ, అక్కగా తనూ అలాగే అంది, అందో లేదో, అన్నట్టే గుర్తు. తేదీ లేదు. చెల్లి ఇప్పుడు రేవులో క్రేను నడుపుతోంది, ఎనభై అడుగుల ఎత్తులో గాజుగదిలో కూర్చుని, ఓడల కడుపులోంచి పెట్టెలు ఎత్తి పెడుతుంది, ఇక్కడికి ఎవడు సైకిలు తొక్కుతాడో రమ్మను అంటుంది. ఈ పనిలో చేరిన రోజున చెల్లికే మొదట ఫోను చేసింది. చెల్లి, నా దారి కూడా రాసుకో అక్కా, రంపపుమిల్లు పక్క సందు అంది. ఉత్తర్వు వచ్చిన వాళ్ళతో కలిసి వాళ్ళు వదిలేసిన దారిలో నడవడం అలా మొదలైంది. అది ఏ రూలులోనూ లేదు. మొదట చెల్లితో రంపపుమిల్లు సందు, పాతికేళ్ళ తర్వాత, ఇద్దరూ చేతులు పట్టుకుని, అక్కడిప్పుడు మిల్లు లేదు, సెలూనుంది, మంగలాయన ఎవరి కోసమమ్మా అని అడిగితే చెల్లి, మాకోసమేనండీ అంది. తర్వాత బస్సు నడిపే ఆవిడతో ఆవిడ పాత రూటు మొత్తం, ఆ చివర నుంచి ఈ చివరకి, ప్రతి స్టాపులోనూ హారను కొడుతూ. సంగీతం మాస్టారితో పార్కు చుట్టూ నాలుగు ప్రదక్షిణలు, ఆయన్ని వెంటాడిన పాత శిష్యురాలి భయంతో ఏడాదిన్నర నడక మానేసిన మనిషి, మూడో చుట్టులో గొంతు సవరించుకుని పాడటం మొదలుపెట్టాడు, కుక్కలతో నడిచేవాళ్ళంతా ఆగి విన్నారు. పద్నాలుగు దారులయ్యాయి. ఇవాళ్టిది చాలా చిన్నది, మందుల షాపు ముందు నుంచి దుకాణం దాకా ముప్పై అడుగులు. తాత కూడా వస్తానన్నాడు, కర్రతో, రెండో మెట్టు మీద ఓ నిమిషం తనూ నిలబడాలట, అక్కడి నుంచి మన దుకాణం ఎలా కనపడుతుందో చూడాలట.

కేంద్రం తరఫు లాయరమ్మ పక్క కోర్టు నుంచి పరుగెత్తుకుంటూ వచ్చింది, జుట్టులో పెన్ను, చేతిలో మూడు ఫైళ్ళు. నాలుగూ పది సంగతి విని నెత్తిన చేయి పెట్టుకుని బెంచీ మీద కూలబడింది. ‘అక్కా, మీరు ప్రూఫులు దిద్దేవారని నేను అందరికీ చెప్పుకుంటాను.’ ‘ఇక చెప్పకు’ అంది డైరీ అక్క. దాద్దామా, వాళ్ళు అడిగేదాకా ఊరుకుందామా, ఆ పదకొండు పేజీలూ వదిలేసి మిగతావి చూపిద్దామా. ఒక్క నిమిషం ఆ మూడు దారులూ ముగ్గురి మధ్యా తిరిగాయి. ప్రెస్సులో అచ్చయిపోయాక తప్పు కనపడితే చేసే పని ఒకటే ఉండేది, పుస్తకం మొదట్లో చిన్న చీటీ అంటించడం, ఫలానా పేజీలో ఫలానా పొరపాటు, పాఠకులు గమనించగలరు. సిగ్గుచేటే గాని ఆ చీటీ ఉన్న పుస్తకాన్నే జనం నమ్మేవారు. ‘మనమే ముందు చెప్దాం’ అంది గడియారాలమ్మాయి, ఎవరూ అడక్కుండానే, ‘ఆగిన గడియారమని ఒప్పుకుంటే నాకేం పోయింది, బాగుచేశాను కదా.’

అలా అని లేచి, బంట్రోతు స్టూలు అడిగి తెచ్చుకుని, గోడ గడియారం కింద వేసుకుంది. అతను నీళ్ళు నమిలాడు. ఏడేళ్ళ నుంచి అది అంతేనమ్మా, ఎవరొచ్చినా బాగుపడలేదు, పైవాళ్ళకి రాసి పెట్టాం, సంతకం కావాలి అన్నాడు. రోగం గడియారానిది కాదన్నా, మేకుది, ఒంకరగా తగిలించారు, అంతే అంది ఆ పిల్ల. పెట్టె అడుగు పట్టుకుని, చెవి గాజుకి ఆనించి, కళ్ళు మూసుకుని, వెంట్రుకవాసి ఎడమకి జరిపింది. టిక్, టక్. ఇంకో వెంట్రుకవాసి. టిక్ టక్, టిక్ టక్, టిక్ టక్. వరండాలో కూర్చున్న వాళ్ళంతా, ఎవరి గొడవల్లో వాళ్ళు మునిగి ఉన్నవాళ్ళంతా, తలెత్తి చూశారు, ఏదో రొద ఆగినట్టు, కాదు, ఏదో మొదలైనట్టు. ఏడేళ్ళ కుంటి నడక సరైపోయింది. బంట్రోతు స్టూలు పట్టుకునే నిలబడి, సంతకం లేకుండానే బాగైపోయిందే అన్నాడు. డైరీ అక్కకి ఆ టిక్ టక్ ఎక్కడో పక్కటెముకల్లో వినపడింది. గెలుపు ఇంకా రాలేదు, లోపల ఏమవుతుందో తెలీదు, అయినా ఆ పిల్లకి వినపడుతోంది. మళ్ళీ వినపడుతోంది. ఇన్నాళ్ళూ వాడి వైపే సున్నాలు చుట్టిన ఆ మాటకి ఇలాంటి వాడకం కూడా ఉందని పెన్సిలుకి తెలీదు. ఇంతలో లోపలి నుంచి కేసు నంబరు పిలిచారు.

లోపల గది వరండా కన్నా చిన్నది. పొట్టి జుట్టూ లావుపాటి కళ్ళజోడూ ఉన్న జడ్జి గారు పేజీలు తిప్పుతుంటే పేజీల చప్పుడు, మూల టైపిస్టు వేళ్ళు విరుచుకున్న చప్పుడు. లాయరమ్మ లేచి ముందే చెప్పేసింది, పదకొండు పేజీల్లో సమయం తప్పండీ, ఆగిన గడియారం చూసి రాసింది, మిగతావన్నీ తలెత్తి అతన్ని చూసినప్పుడల్లా చేతివాచీ చూసి రాసినవి అని. ఎదుటి లాయరు అప్పటికే ఒంటికాలి మీద లేచి ఉన్నాడు. రిజిస్టరు బల్ల మీద పరిచాడు. నాలుగూ పదికి నా క్లయింటు ఆఫీసులో ఉన్నాడండీ, పదకొండు రోజులూ, ఇవిగో సంతకాలు, తప్పు ఒప్పుకుంటే అబద్ధం నిజమైపోదు, ఈ పుస్తకమంతా ఇలా వండిందే, అతను అక్కడికి అసలు వెళ్ళనే లేదు అన్నాడు, చక్కగా అన్నాడు, డైరీ అక్క అయితే ఒక్క కామా కూడా మార్చదు. జడ్జి గారు కళ్ళజోడు దించి గడియారాలమ్మాయి వైపు చూసింది. ‘అమ్మాయ్, సరే. మరి ఆ పదకొండు రోజులూ అతను నిజంగా ఎన్నింటికి వచ్చాడు?’

ఇక్కడే చాలామంది తడబడతారు, ఐదున్నర ఉండొచ్చండీ, ఐదయ్యుండొచ్చండీ అని ఏదో ఒకటి అందించాలని చూస్తారు. ఆ పిల్ల తాళంచెవి గుప్పిట్లో నొక్కుకుని, కొంచెం ఆలోచించి, నిజం చెప్పింది. ‘నాకు తెలీదండీ. అతను ఎన్నింటికి వస్తాడో నేనెప్పుడూ పట్టించుకోలేదు. తలెత్తితే ఉన్నాడు, అంతే రాశాను. నేను చూసింది గడియారాన్ని.’

 ఎదుటి లాయరు మొహం వెలిగింది, ఇంకేం కావాలి, తెలీదంది. అతని పక్కన కుర్చీ కిర్రుమంది. ఇస్త్రీ చొక్కా లేచి నిలబడ్డాడు. ఇన్నాళ్ళూ చెదరని ఆ మడత మొదటిసారి నలిగింది, మెడ దగ్గర ఎర్రబడింది, ఎవరో చెంప మీద కొట్టినట్టు చూస్తున్నాడు ఆ పిల్ల వైపు. లాయరు చొక్కా చెయ్యి పట్టి లాగాడు, కూర్చోండి సార్, మనం గెలిచాం, కూర్చోండి అన్నాడు పళ్ళ బిగువున. జడ్జి గారు చెయ్యెత్తింది. ‘లాగకండి. ఆయన్ని చెప్పనివ్వండి.’ టైపిస్టు వేళ్ళు మీటల మీదికి వెళ్ళాయి. డైరీ అక్క నోటుపుస్తకంలో కొత్త పేజీ తిప్పి, పెన్సిలు తీసి, తేదీ వేసింది. బయట వరండాలో గడియారం టిక్ టక్, టిక్ టక్, తలుపు సందులోంచి నీటుగా లోపలికి వస్తోంది.

‘నాలుగూ పది కాదండీ. ఐదూ ఇరవై. తెలీదట. ఎలా తెలీదండీ? ఐదింటికి సంతకం పెడతాను, రెండు వీధులు దాటతాను, ఐదూ ఇరవైకల్లా రెండో మెట్టు మీద ఉంటాను, ఏనాడూ ఇరవై ఒకటి కాలేదు. ఆవిడ రాసిన పదకొండు రోజులూ వచ్చాను, రాయని ఆదివారాలు కూడా వచ్చాను, అవెందుకు రాయలేదు? వాన కురిసిన రోజు గొడుగు లేకుండా నిలబడ్డాను, అది ఏ పేజీలోనైనా ఉందేమో చూడమనండి. రావద్దని ఆవిడ చెప్పింది, ఒప్పుకుంటాను, అయినా మళ్ళీ వెళ్ళాను. పెద్దాయన కర్ర పట్టుకుని వచ్చి చెప్పాడు, ఆ సాయంత్రమే మళ్ళీ వెళ్ళాను. దుకాణం మూసేస్తే పిన్నిగారి ఇల్లు కనుక్కోడానికి తొమ్మిది రోజులు పట్టింది నాకు, ఆ వంటింటి కిటికీ ఎదురుగా కూడా నిలబడుతున్నాను, ఉల్లిపాయల బుట్ట పక్కన కూర్చుంటుంది, ఒక్కసారైనా తలెత్తిందా? ఇంత చేస్తే ఆగిపోయిన గడియారం చూసి నా టైము రాస్తుందా? ఇదిగో ఈ వాచీ చూడండి, ఆవిడ చేత్తో బాగుచేసిందే, ఇప్పటికీ ఒక్క నిమిషం తేడా రాలేదు. దీన్ని చూసుకునే వెళ్ళేవాణ్ణండీ, ప్రతిరోజూ, మళ్ళీ, మళ్ళీ, మళ్ళీ, ఒక్కసారి కూడా ఆలస్యం కాలేదు.’